రొట్టెల సంఘం కట్టిన అద్దాల మేడ

బెల్జియం రాజధాని బ్రసెల్స్ వెళ్లినవాళ్లకు గైడ్లు తప్పకుండా చెప్పే ఇళ్లు నాలుగున్నాయి. నాలుగింటినీ కట్టింది ఒక్కడే. పేరు విక్టర్ హోర్టా. 2000లో యునెస్కో ఆ నాలుగు ఇళ్లనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఒకటి ఓ ప్రొఫెసర్‌గారిది. ఒకటి సోడా ఫ్యాక్టరీల యజమానుల కుటుంబానిది. ఒకటి రాజుగారి కొలువులో పెద్ద అధికారిది. నాలుగోది హోర్టా సొంతిల్లు.

అదే హోర్టా అదే ఊళ్లో, అదే రోజుల్లో కార్మికుల కోసం కూడా ఓ భవనం కట్టాడు. ఆయన పనిలో అన్నిటికన్నా గొప్పది అదేనని చాలామంది నిపుణుల మాట. మరి అదెక్కడుందని అడిగితే... ఆ స్థలంలో ఇప్పుడున్నది 26 అంతస్తుల ఆఫీసు టవర్!

కలిగినవాళ్ల ఇళ్లు నిలబడ్డాయి. జనం కోసం కట్టిన ఇల్లు నేలమట్టమైంది. యుద్ధమో భూకంపమో వచ్చి కూలిపోలేదు. పరాయివాళ్లెవరో వచ్చి పడగొట్టలేదు. దాని సొంతదారులే కూల్పించారు. అందం అందరికీ అందాలంటూ యూరప్‌లో బయల్దేరిన ఓ కళా ఉద్యమం ఎక్కడ గెలిచిందో, ఎక్కడ ఓడిందో తెలియాలంటే ఈ ఇంటి కథ తెలుసుకుంటే చాలు.

యంత్రం చేసిన నకళ్లు

పందొమ్మిదో శతాబ్దం సగానికి వచ్చేసరికి యూరప్‌లో ఫ్యాక్టరీల పొగ కమ్మేసింది. కుర్చీలు, పింగాణీ, గోడకు అంటించే కాగితాలు, కిటికీ తెరలు అన్నీ యంత్రాల మీదే తయారవుతున్నాయి. చవకే. కానీ అన్నీ పాతవాటికి నకళ్లు. పోత ఇనుముతో చేసిన స్తంభం గ్రీకు రాతి స్తంభంలా వేషం కట్టేది. రైల్వేస్టేషన్ చర్చి ముఖం తగిలించుకునేది. యంత్రం కొత్తదే, ముఖం మాత్రం అరువుది.

దీని మీద ముందుగా తిరగబడినవాళ్లలో ఇంగ్లండుకు చెందిన విలియం మోరిస్ ఒకడు. 1861లో స్నేహితులతో కలిసి సొంత కంపెనీ పెట్టాడు. ఇంట్లో వాడే ప్రతి వస్తువూ పనికొచ్చేదై ఉండాలి, లేదా అందమైనదై ఉండాలి, అంతకుమించి ఇంట్లో చెత్త వద్దన్నది ఆయన సిద్ధాంతం. నీలిమందు అద్దకం కోసం చేతులు ముంచి, గోళ్ల సందుల్లోంచి నీలం వదలనంతగా పనిచేశాడు. కానీ చేత్తో చేసిన వస్తువుకు చేతికూలి పడుతుంది కదా! ఆయన తయారుచేసిన పరదాలూ తివాచీలూ కొనగలిగింది ధనవంతులే. సోషలిస్టు అయిన మోరిస్‌కు బతికినన్నాళ్లూ ఇదే బాధ. కూలివాడి గుడిసె కోసమని నేసిన కల కాస్తా జమీందారు హాల్లో పరుచుకుంది.

మోరిస్ ఆలోచనలు ఇంగ్లిష్ చానల్ దాటి అవతలి దేశాల్లోకి పాకాయి. జపాన్ నుంచి వచ్చిన చెక్క అచ్చుల బొమ్మలు వాటికి తోడయ్యాయి. 1890లలో కుర్రకారు కళాకారులంతా గ్రీకు, రోమన్ నకళ్లను వదిలేసి నేరుగా తోటలోకి చూశారు. తీగలు, కాడలు, మొగ్గలు, తూనీగ రెక్కలు, ఆడవాళ్ల జుట్టు... గీత ఎక్కడా నిటారుగా ఉండదు. ఝళిపించిన కొరడాలా మెలి తిరుగుతుంది.

ఈ పద్ధతికి ఫ్రాన్స్‌లో ఆర్ట్ నూవో, అంటే 'కొత్త కళ' అని పేరొచ్చింది. సీగ్‌ఫ్రీడ్ బింగ్ అనే వ్యాపారి 1895లో ప్యారిస్‌లో తెరిచిన దుకాణం పేరది! జర్మనీలో 'యూగెండ్' అనే పత్రిక పేరు మీద యూగెండ్‌స్టిల్ అన్నారు. ఇటలీవాళ్లు లండన్‌లోని లిబర్టీ దుకాణం పేరు పెట్టుకున్నారు. వియన్నాలో 1897లో గుస్తావ్ క్లిమ్ట్ బృందం పాత కళాకారుల సంఘం నుంచి బయటికొచ్చేసి, ఆ 'వేరుపడటాన్నే' సెసెషన్ అని పేరుగా పెట్టుకుంది. ఊరికో పేరు, ఊరికో యాస. గుండెకాయ ఒకటే: బొమ్మ గీయడం గొప్ప, కుర్చీ చేయడం తక్కువ అనే తేడా పోవాలి. అందం మ్యూజియంలో కాదు, మెట్ల మీద, తలుపు పిడిలో, టీ కప్పులో ఉండాలి.

బ్రసెల్స్ మండువా

హోర్టా 1861లో గెంట్ నగరంలో పుట్టాడు. తండ్రి బూట్లు తయారుచేసే పనివాడు. 32 ఏళ్ల వయసులో, 1893 నాటికి, ఆయన పూర్తిచేసిన 'హోటల్ తాసెల్' ప్రపంచంలోనే తొలి ఆర్ట్ నూవో ఇళ్లలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. (హోటల్ అనగానే ఇడ్లీ, సాంబారు గుర్తు తెచ్చుకోకండి. ఫ్రెంచిలో పట్నంలోని పెద్దింటిని కూడా హోటల్ అంటారు!)

ఈ ఇంటి గొప్పతనం అర్థం కావాలంటే బ్రసెల్స్ స్థలాల సంగతి తెలియాలి. వీధి వైపు ఇరుకు, లోపలికి పొడవు. రెండు పక్కలా పొరుగింటి గోడలు. ముందు గదికి వీధి వెలుతురు, వెనక గదికి పెరటి వెలుతురు. నడిమి గదికి మాత్రం పగలు కూడా చీకటే. మన పాత ఇళ్లలో ఈ చిక్కును మండువా తీర్చింది. ఇంటి నడుమ కప్పు వేయకుండా ఆకాశానికి తెరిచి ఉంచితే నాలుగు వైపులా వెలుతురు, గాలి. హోర్టా చేసిందీ దాదాపు ఇదే. కాకపోతే వానలూ చలీ ఎక్కువున్న ఊరు కాబట్టి పైన గాజు కప్పు వేశాడు. దాని కింద మెట్లు పెట్టాడు. వెలుతురు మెట్ల మీదుగా దిగి ఇల్లంతా పరుచుకుంది.

దీనికి ఆయన వాడిన కిటుకు ఇనుము. రాతి గోడలు బరువు మోయాలంటే లావుగా ఉండాలి, మధ్యలో తెరపి ఉండకూడదు. అదే బరువును సన్నటి ఇనుప స్తంభం మోసేస్తుంది. అప్పుడు గోడ అక్కర్లేదు. ఇనుము అప్పటికే వంతెనలకూ రైల్వేస్టేషన్లకూ వాడుతున్నదే. కానీ ఇంట్లో వాడితే సున్నం పూసి దాచేసేవాళ్లు. హోర్టా దాన్ని దాచలేదు. స్తంభాన్ని కాడలా నిలబెట్టి, పైన ఇనుప రేకుల్ని తీగల్లా విడదీశాడు. అవే మెలికలు మెట్ల కటకటాల మీద, గోడ రంగుల్లో, గచ్చు మీది మొజాయిక్‌లో సాగిపోతాయి. ఇల్లంతా ఒకే మొక్క మొలిచినట్టు! 1895లో బ్రసెల్స్ వచ్చి ఈ ఇల్లు చూసిన హెక్టర్ గిమార్ అనే ఫ్రెంచి యువకుడు, ప్యారిస్‌లో తాను అప్పటికే గీసుకున్న అపార్ట్‌మెంట్ల డిజైన్‌ను మార్చేసుకున్నాడు.

ఆ తర్వాత హోర్టాకు తీరిక దొరకలేదు. సోడా తయారీలో కోట్లు గడించిన సోల్వే కుటుంబంలోని అర్మాండ్ సోల్వే తన ఇంటికి ఖర్చు లెక్క చూడొద్దన్నాడు. దీపపు కుందె నుంచి తలుపు గడియ దాకా హోర్టాయే గీశాడు.

అందం వెనక రక్తం

ఆ నాలుగు ఇళ్లలో అధికారిది ఒకటుందని చెప్పుకున్నాం కదా. ఆయన పేరు ఎడ్మండ్ వాన్ ఎత్వెల్డె. చేసిన ఉద్యోగం కాంగో పరిపాలన. 1885 నుంచి 1908 వరకూ ఆఫ్రికాలోని కాంగో బెల్జియం దేశానిది కూడా కాదు, రెండో లియోపోల్డ్ రాజు సొంత ఆస్తి! గాలి నింపిన టైర్లు వచ్చాక రబ్బరుకు గిరాకీ పెరిగింది. అడవి రబ్బరు తీగల నుంచి పాలు సరిపడా తేలేకపోయిన ఊళ్ల మీద సైనికులు పడ్డారు. మనుషుల్ని చంపారు. చేతులు నరికారు. అక్కడ వెట్టిచాకిరీ, ఆకలి, రోగాల వల్ల పోయిన ప్రాణాలు లక్షల్లో ఉంటాయి.

1897లో బ్రసెల్స్‌లో అంతర్జాతీయ ప్రదర్శన పెట్టారు. ఊరి శివార్లలో ఉన్న టెర్వ్యూరెన్‌లో కాంగో విభాగం. కాంగో నుంచి తెచ్చిన కలపతో కొత్త శైలి డిజైనర్లు అక్కడి గదుల్ని తీర్చిదిద్దారు. శిల్పులకు కాంగో ఏనుగు దంతాన్ని ఇచ్చారు. అదే ప్రదర్శనలో చూడ్డానికని 267 మంది కాంగో మనుషుల్ని కూడా తెచ్చారు. వాళ్లలో ఏడుగురు ఆ చలికీ జబ్బులకూ అక్కడే చనిపోయారు. టెర్వ్యూరెన్ చర్చి పక్కన వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

వాన్ ఎత్వెల్డె ఇంట్లోని రంగుటద్దాల గుమ్మటం కింద నిలబడితే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. ఆ వెలుగు వెనక ఈ కథా ఉంది. రెండింటినీ కలిపే చూడాలి.

గాలీ వెలుతురే విలాసం

ఇక అసలు కథకు వద్దాం. 1880లలో బ్రసెల్స్ కార్మికులు సహకార పద్ధతిలో ఓ రొట్టెల బట్టీ పెట్టుకున్నారు. మంచి రొట్టె, సరసమైన ధర. సభ్యులు పెరిగారు. బట్టీకి తోడు దుకాణాలొచ్చాయి. 1885లో బెల్జియం కార్మికుల పార్టీ పుట్టింది. సభలు పెట్టుకోవడానికి, నాలుగు కబుర్లు చెప్పుకోవడానికి తమకంటూ ఓ చోటు కావాలనుకున్నారు. 1895లో ఆ పని హోర్టా చేతిలో పెట్టారు. దాని పేరే 'మెజోన్ డ్యూ పెప్ల్', అంటే 'ప్రజల ఇల్లు'.

దొరికిన స్థలం వంకరటింకరగా ఉంది. ఓ పక్క పల్లం. ముందు గుండ్రటి కూడలి. హోర్టా ఆ వంకరనే వాడుకున్నాడు. కూడలి వంపును బట్టి భవనం ముఖాన్నే లోపలికి వంచాడు. ముఖం నిండా ఇనుప చట్రాలు, గాజు పలకలు. ఇటుక, రాయి అవసరమైనంతే. కింద పెద్ద కాఫీ హోటలు, సహకార దుకాణాలు. పైన సంఘం ఆఫీసులు. అన్నిటికన్నా పైన రెండువేల మంది పట్టే సభామందిరం! అంత పెద్ద హాలును కింద పెట్టి దాని మీద ఇన్ని గదులు లేపడం కష్టం. పైన పెడితే ఇనుప దూలాలతో తేలిగ్గా కప్పు వేయొచ్చు, వెలుతురుకూ అడ్డుండదు. ఆ దూలాలనే అందంగా వంచాడు. అలంకారం కోసం విడిగా ఖర్చుపెట్టలేదు.

పాలరాయి లేదు. ఏనుగు దంతం లేదు. కాంగో కలప లేదు. మురికివాడల్లో చీకటి గదుల్లో బతికే కార్మికుడికి ఇన్నాళ్లూ దక్కనివి గాలి, వెలుతురు. ఈ ఇంట్లో అవే విలాసాలు కావాలన్నది హోర్టా కోరిక. ప్రొఫెసర్‌గారి ఇంటి మధ్యలోకి దింపిన వెలుతురునే కూలివాడి కాఫీ బల్ల మీదకూ దింపాడు. 1899లో ప్రారంభోత్సవానికి ఫ్రాన్స్ నుంచి సోషలిస్టు నాయకుడు జాన్ జారెస్ వచ్చాడు. మోరిస్ కన్న కల ఆ రోజు అక్కడ నిజమైంది. చూడటానికి మోరిస్ లేడు. మూడేళ్ల కిందటే, 1896లో పోయాడు.

గోడ మీద గెలిచింది

అందరికీ అందం అనే మాట ఇంకో రెండు చోట్ల కూడా నిజమైంది. ఒకటి పోస్టరు. 1895 జనవరి ఒకటిన ప్యారిస్ గోడల మీద నటి సారా బెర్నార్ నాటకం పోస్టర్ వెలిసింది. గీసినవాడు ఆల్ఫాన్స్ ముఖా. అప్పటిదాకా ఎవరికీ పెద్దగా తెలియని కుర్రాడు. నిలువెత్తు బొమ్మ, బంగారు ఛాయలు, తల చుట్టూ వలయం. జనం రాత్రిళ్లు వెళ్లి గోడల మీంచి వాటిని ఊడబీక్కుని పోయేవాళ్లట!

ఈ బొమ్మల్ని రాతి అచ్చుతో వేసేవాళ్లు. నూనె, నీరు కలవవు. అదే దీని సూత్రం. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు సిరాతో బొమ్మ గీసి, రాయిని తడిపి, రంగు పూస్తే అది బొమ్మకే అంటుకుంటుంది, తడికి అంటదు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. మన రాజా రవివర్మ 1894లో ముంబైలో ప్రెస్ పెట్టి, జర్మన్ నిపుణుల సాయంతో లక్ష్మీ సరస్వతుల పటాలు ముద్రించింది ఈ రాతి అచ్చు పద్ధతిలోనే. ప్యారిస్‌లో నటి బొమ్మ వీధి గోడ ఎక్కిన రోజుల్లోనే ఇక్కడ దేవుడి బొమ్మ పేదింటి గోడ ఎక్కింది. చేత్తో ఒక్కటే చేస్తే రాజుగారికి, అచ్చేసి వేలల్లో తీస్తే అందరికీ!

రెండోది మెట్రో. 1900 జులైలో ప్యారిస్ భూగర్భ రైలు మొదలైంది. దాని ద్వారాలను గీసింది గిమారే. కొన్ని మూసలు చేసి, వాటిలో పోత ఇనుము పోసి, కావలసినన్ని ముక్కలు తీసి బిగించేయడమే. ఆకుపచ్చ కాడలు పైకి లేచి, చివర మొగ్గల్లాంటి ఎర్ర దీపాలు. అలాంటివి వందకు పైగా కట్టారు. టికెట్ కొన్న ప్రతివాడూ వాటి కిందనుంచే నడిచాడు. మోరిస్ యంత్రాన్ని దూరం పెట్టి ఓడిపోయిన చోట గిమార్ దాన్ని వాడుకుని గెలిచాడు.

సేమ్యా స్టైలు

కానీ ఫ్యాషన్ ఎంతకాలం ఉంటుంది? పదిహేనేళ్లకే మొహం మొత్తింది. చవకబారు నకళ్లు మార్కెట్లో పడ్డాయి. ప్రతి అద్దం చట్రానికీ తీగ మెలికే, ప్రతి సిగరెట్ డబ్బా మీదా పొడుగు జుట్టు అమ్మాయే. ప్యారిస్‌వాళ్లు దీన్ని 'నూడుల్స్ స్టైలు' అని ఎకసెక్కం చేశారు. మనవాళ్లయితే సేమ్యా స్టైలు అనేవాళ్లేమో! వియన్నాలో అడాల్ఫ్ లోస్ అనే ఆర్కిటెక్టు అలంకారం నేరంతో సమానమని వాదించాడు. 1914లో యుద్ధమొచ్చింది. తర్వాతి కాలానికి నిటారు గీతలు, సాదా గోడలు కావలసి వచ్చాయి.

గిమార్ 1938లో అమెరికా వెళ్లిపోయి 1942లో న్యూయార్క్‌లో చనిపోయాడు. అప్పటికి ఆయన్ని సొంత దేశమే మరిచిపోయింది. ఆయన మెట్రో ద్వారాల్ని ఒక్కొక్కటే పీకేశారు. మిగిలిన 80 చిల్లర ద్వారాలకు 1978లో చట్టరక్షణ దొరికింది. హోర్టా కూడా మారిపోయాడు. తీగలు వదిలేసి గీతల్లోకి వచ్చాడు. 1945లో తన పాత డ్రాయింగులు, కాగితాలు చాలావరకు తానే నాశనం చేశాడు. ఇక వీటిని ఎవరు చూస్తారనుకున్నాడో ఏమో! రెండేళ్లకు పోయాడు.

1965

ప్రజల ఇంటికీ వయసు మీద పడింది. ఇనుముకు ఎప్పటికప్పుడు రంగులేయాలి. గాజు మార్చాలి. మరమ్మతులకు డబ్బు కావాలి. ఉద్యమం పెద్దదైంది, ఆఫీసులు చాలడం లేదు. స్థలం చూస్తే ఊరి నడిబొడ్డున ఉంది, బంగారంలాంటిది. సోషలిస్టు సంఘాలే కూల్చడానికి నిర్ణయించాయి. ప్రపంచం నలుమూలల నుంచీ 700 మందికి పైగా ఆర్కిటెక్టులు వద్దని మొత్తుకున్నారు. ఫలితం లేదు. 1965లో కూల్చివేత మొదలైంది. ఆ రోజుల్లో బ్రసెల్స్‌లో అడ్డూఆపూ లేకుండా పాతవి పడగొట్టి టవర్లు లేపిన తీరుకు 'బ్రసెల్సీకరణ' అనే మాటే పుట్టింది.

హోర్టా శిష్యుడు జాన్ డెలే పట్టుబట్టాడు. సరే, కనీసం ముక్కలు దాచి ఇంకోచోట మళ్లీ కట్టుకుందామన్నారు. ఇనుప ముక్కలూ రాళ్లూ విప్పి దాచారు. మళ్లీ కట్టలేదు. దాచినవి తుప్పుపట్టాయి, చెల్లాచెదురయ్యాయి, కొన్ని పాతసామాన్ల కొట్టుకు చేరాయి. మిగిలిన కొన్ని దూలాలతో 2000లో ఆంట్‌వెర్ప్‌లో ఓ కాఫీ హోటల్ తెరిచారు. బ్రసెల్స్‌లో హోర్టా పేరుతోనే ఉన్న భూగర్భ స్టేషన్‌లో కొన్ని కటకటాలు అలంకారంగా పెట్టారు. రోజూ ఆఫీసుకెళ్లేవాళ్లు వాటి పక్కనుంచే నడిచిపోతుంటారు.

ఆ డెలేయే తర్వాత 1976లో హోటల్ తాసెల్‌ను కొని కాపాడాడు. హోర్టా సొంతిల్లు అంతకుముందే, 1969లోనే మ్యూజియమైంది. ఇళ్లు బతికాయంటే అందుకు కారణం ఒక్కోదానికి ఒక్కో సొంతదారు దొరకడమే. అందరి ఇంటికి మాత్రం 'ఇది నాది' అనే ఒక్కడు దొరకలేదు.

ప్రమాదపు వయసు

కూల్చేనాటికి ప్రజల ఇంటి వయసు 66. భవనాలకు అదే గండం. పదేళ్లదైతే కొత్తదని ఉంచుతాం. రెండొందల ఏళ్లదైతే చరిత్ర అని చేతులు జోడిస్తాం. అరవై డెబ్భై ఏళ్లది మాత్రం ఎటూ కాదు. పాతబడింది, పురాతనం కాలేదు. ఫ్యాషన్ పోయింది, గౌరవం ఇంకా రాలేదు. ఆ గండం దాటించేవాళ్లు ఉంటే వారసత్వం, లేకపోతే శిథిలం. ఇంకో ముప్ఫై ఏళ్లు ఓపిక పడితే ప్రజల ఇల్లు ఆ నాలుగింటి సరసన అయిదోదిగా ఉండేదేమో!

మన ఊళ్లలో ఇప్పుడు ఆ వయసులో ఉన్నవేమిటో ఒక్కసారి చూడండి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కట్టిన గ్రంథాలయాలు, టౌన్‌హాళ్లు, సహకార సంఘాల ఆఫీసులు, ఒంటి తెర సినిమా హాళ్లు. కట్టించింది రాజులూ నవాబులూ కాదు. చందాలు వేసుకున్న మామూలు మనుషులు. కోటలకు, గోపురాలకు చట్టం కాపలా ఉంది. వీటికి లేదు. అన్నీ ఉంచేయాలని కాదు. కూలిపోయే గోడ కింద పిల్లల్ని కూర్చోబెట్టి చదివించలేం. కానీ సున్నం వెలిసిందని, స్థలానికి రేటు పెరిగిందని గునపం ఎత్తేముందు ఓ ప్రశ్న వేసుకోవాలి. ఇది ఎవరి రొట్టెల డబ్బుతో కట్టింది? వాళ్ల పిల్లలకు దీని బదులు ఏం ఇస్తున్నాం?

బ్రసెల్స్ కార్మికుల పిల్లలకు దక్కింది ఓ ఆఫీసు టవర్. దానిలో గాజు చాలానే ఉంది. లోపలికి వెళ్లి కూర్చుని కాఫీ తాగే హక్కే వాళ్లకు లేకుండా పోయింది.